బదులు పలికే ఇల్లు

(విశాఖపట్నంలో తల్లిదండ్రులు, అంగన్‌వాడీ కార్యకర్తలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బీచ్‌రోడ్డు నడక మానుకుని వచ్చినవాళ్ళున్నారు, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్ళతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. చంటిపిల్లల తల్లులు ముందు వరుసల్లోనే కూర్చోండి. పిల్లలు ఏడిస్తే కంగారుపడి బయటికి తీసుకెళ్ళకండి. ఇవాళ్టి విషయమే వాళ్ళు.

పెంపకం అనే మాటను మనం ఎప్పుడు వాడతామో గమనించారా? పిల్లవాడు కుదురుగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎవరి నోటా రాదు. పెళ్ళింట్లో పెంకితనం చేసినప్పుడో, పదో తరగతి తప్పినప్పుడో వస్తుంది: "పెంపకం అలా ఏడిసింది" అని. ఆ మాట పడేది కూడా దాదాపు ఎప్పుడూ తల్లే. తిట్టుగా వాడి వాడి, అందులో ఒక పని ఉందన్న సంగతి మర్చిపోయాం. ఆ పనికి గంటలున్నాయి, గిన్నెలున్నాయి, చెంచాల లెక్కలున్నాయి. చేసే పద్ధతి ఉంది, చెడగొట్టే పద్ధతీ ఉంది. నేను మాట్లాడబోయేది ఆ పని గురించే. ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వను. ప్రేమ లేని ఇళ్ళు తక్కువ. ప్రేమ నిండా ఉండి పని జరగని ఇళ్ళు చాలా ఎక్కువ.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు బరువు పెద్దవాళ్ళ మెదడులో సుమారు నాలుగో వంతు. రెండేళ్ళు నిండేసరికి 80 శాతం దాకా వచ్చేస్తుంది. ఆ రెండేళ్ళలో లోపల ముఖ్యంగా జరిగేది కణాల మధ్య తీగలు అల్లుకోవడం. అవసరానికి మించి అల్లుకుంటాయి. వాడుకలోకి వచ్చినవి గట్టిపడతాయి, రానివి రాలిపోతాయి. ఆనపపాదు చూడండి, పది వైపులా తీగ సాగుతుంది. పందిరి దొరికిన వైపుదే నిలుస్తుంది. బిడ్డకు పందిరి ఏమిటంటే ఎదుటి మనిషి ఇచ్చే బదులు. బిడ్డ ఒక చూపు చూస్తే, ఒక కూత కూస్తే, ఎవరో ఒకరు దానికి తగ్గట్టు ఏదో ఒకటి చేయడం. అంతే.

దీన్ని దగ్గరగా చూద్దాం. నాలుగు నెలల పాప. నాయనమ్మ కాళ్ళ మీద వేసుకుని నూనె రాసింది, నీళ్ళు పోసింది, తువ్వాలు పరిచి పడుకోబెట్టింది. పాప పైకి చూసి "ఆఁ..." అంది. ఒక నాయనమ్మ వంచిన తల ఎత్తకుండా మెడ మడతలు తుడిచి, చొక్కా తొడిగి, మూడు నిమిషాల్లో ముగిస్తుంది. పని శుభ్రంగా అయింది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంకో నాయనమ్మ చేయి ఆపుతుంది. తన ముఖాన్ని పాప ముఖానికి జానెడున్నర దూరంలోకి తెస్తుంది. "ఆఁ అంటన్నావేటే? నీళ్ళు కాలాయేటి?" అంటుంది. అని ఊరుకుంటుంది.

కిటుకంతా ఆ ఊరుకోవడంలో ఉంది. పెద్దవాళ్ళం మాట వెంట మాట అంటించేస్తాం. పాపకు మాట విని, ముఖం చూసి, తన కాళ్ళూ నోరూ కూడదీసుకోవడానికి వ్యవధి కావాలి. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. మూడు దగ్గరో నాలుగు దగ్గరో కాళ్ళు ఆడతాయి, నోరు గుండ్రమవుతుంది, మళ్ళీ "ఆఁ" వస్తుంది. ఇప్పుడు మీ వంతు. ఇలా నాలుగైదు సార్లు అయ్యాక పాప ముఖం పక్కకు తిప్పేస్తుంది. మనవాళ్ళు పొరపడేది ఇక్కడే. "నేనంటే ఇష్టం లేదు కాబోలు" అనుకుంటారు, లేదంటే పాప తిరిగిన వైపుకే చేరి చిటికెలు వేస్తారు, గిలక్కాయ ఆడిస్తారు. పాప అలిసింది, కాసేపు ఊపిరి తీసుకుంటోంది. వదిలేయండి. తనే తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండాలి.

జానెడున్నర అని ఊరికే అనలేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు కాస్త స్పష్టంగా కనబడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. పాలు తాగే బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండేది కూడా దాదాపు అంతే.

ఈ బదులు ఆగిపోతే ఏమవుతుందో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త 1970ల్లో పరీక్షించి చూపించాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతూ ఉంటుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఎదురుగానే కూర్చుని, ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ ముందు నవ్వుతుంది. పలకలేదు. చేతులు చాస్తుంది, కేక పెడుతుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది. బదులు ఒక్కటే లేదు. ఫోను చూస్తున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఫోను మానేయమని చెప్పను, చెప్పినా జరగదు. స్నానం, తిండి, నిద్రబుచ్చడం, ఈ మూడు వేళల్లో మాత్రం ఫోను పక్కగదిలో పెట్టండి. రోజు మొత్తంలో రెండు మూడు గంటలు.

ట్రోనిక్ పరిశోధనల్లో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. చక్కగా కలిసిమెలిసి ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందుకునేది ఆటలో ఇంచుమించు 30 శాతం సమయమే. మిగతాదంతా పొరపాట్లే: బిడ్డకు నిద్ర వస్తుంటే తల్లి ఆకలనుకుంటుంది, ఆడదామంటే ఆవలిస్తుంది. తప్పాక మళ్ళీ సరిచేసుకుంటున్నారా లేదా అన్నదే లెక్క. కసిరారు, పిల్ల బిక్కమొహం వేసింది. కాసేపయ్యాక దగ్గరికి తీసుకుని "అమ్మకి కోపం వచ్చింది, గట్టిగా అరిచేశాను, రా" అన్నారు. ఆ అతుకు పడింది కదా, దానివల్ల పిల్ల నేర్చుకునేది కసురు లేని ఇంట్లో కూడా నేర్చుకోలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. "నేను నీకు చెప్పేదేంటి" అంటారు. మాట రాకపోతే పోనీ, చేతితో తల నిమిరినా బిడ్డకు అర్థమవుతుంది.

తిండి, పక్క, బట్ట అన్నీ ఉండి ఈ బదులు లేకపోతే? రుమేనియాలో 1989 డిసెంబరులో చౌషెస్కు ప్రభుత్వం పడిపోయాక అక్కడి అనాథాశ్రమాల తలుపులు లోకానికి తెరుచుకున్నాయి. వరసగా ఊయల మంచాలు, పాలసీసాలు, షిఫ్టుల మీద మారిపోయే ఆయాలు. ఏ బిడ్డకూ "నా మనిషి" అని ఒకరు లేరు. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్టులో ఒక అధ్యయనం మొదలైంది. 136 మంది పిల్లల్లో చీటీ తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. వాళ్ళు కోలుకున్నారు. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు మరింత బాగా కోలుకున్నారు. దీన్ని విని మూడో ఏట మొదలుపెడితే దండగ అనుకోకండి, ఆలస్యమైతే శ్రమ ఎక్కువ, అంతే.

జమైకా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అంగన్‌వాడీ వాళ్ళకు పనికొచ్చేది అది. 1980ల్లో కింగ్‌స్టన్ పేటల్లో, వయసుకు తగ్గ పొడవు పెరగని 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. కొందరి ఇళ్ళకు ఒక ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళింది. బిడ్డతో తను ఆడటం కాదు, తల్లి చేత ఆడించడం ఆమె పని. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ ఆట దొరికిన పిల్లల సంపాదన, దొరకనివాళ్ళ కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. మన దగ్గర ఆ బొమ్మలకు ఏం కావాలి? రెండు స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో ఒకటి పట్టేవి. ఒక గరిటె. పాత చీర గుడ్డతో కుట్టిన బంతి. చింతగింజలు పోసిన సీసా కూడా మంచిదే, కానీ మూత బిగించి చుట్టూ టేపు వేయండి. చింతగింజ ఊపిరి గొట్టంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల సంగతికి వద్దాం. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టడమే వైద్యం అనుకుంటారు. 1978లో కొలంబియా దేశం బొగొటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టెలు చాలక, బిడ్డల్ని తల్లి గుండెల మీద కట్టించాడు. కంగారూ సంరక్షణ అని పేరు. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల మీద జరిగి 2021లో వెలువడ్డ పరిశోధనలో, బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంటోంది.

ఎలా చేయాలో చెబుతాను. బిడ్డకు డయపరు, టోపీ, మేజోళ్ళు తప్ప ఏమీ ఉండకూడదు. తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా పెట్టాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి. గడ్డం ఛాతీకి ఒత్తుకుపోతే గాలి ఆడదు, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కాళ్ళు కప్ప కాళ్ళలా ముడుచుకుని ఉండాలి. మెత్తటి నూలు చున్నీ బిడ్డ చెవి కింది దాకా వచ్చేలా బిగించి, పైన జాకెట్టో చొక్కానో వేసుకోవాలి. ఒకసారి పెడితే గంటకు తగ్గకుండా ఉంచండి. పది నిమిషాలకోసారి తీసి పెట్టడం బిడ్డకు శ్రమ. తల్లి స్నానానికి వెళ్తే తండ్రి ఛాతీ మీద, మామ్మ ఛాతీ మీద పెట్టవచ్చు. విశాఖ ఉక్కపోతలో ఇది కష్టమే. ఫ్యాను వేసుకోండి, గాలి సూటిగా బిడ్డ తల మీద పడకుండా చూసుకోండి. బరువు రెండున్నర కిలోల దగ్గరికొచ్చాక బిడ్డే గింజుకుని బయటికి రావాలని చూస్తుంది. ఇక చాలని దానర్థం.

తిండి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మొదటి గంటలో ముర్రుపాలు పట్టాలని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా "పాలు పడలేదు" అని డబ్బా తెప్పించే పెద్దలున్నారు. మొదటి రోజు బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది సుమారు ఒక టీస్పూను. ముర్రుపాలు వచ్చేదీ అంతే. పాలు చాలుతున్నాయా లేదా అన్నదానికి కొలత ఏడుపు కాదు, మూత్రం. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు, ఆపైన తడిపితే చాలుతున్నట్టే. ఆరు నెలల దాకా నీళ్ళు కూడా వద్దు, మే నెల అయినా సరే. తేనె ఏడాది దాకా వద్దు. గాడిద పాలు వీధిలో పిండి అమ్ముతారు చూడండి, ఉబ్బసం పోతుందని. వాటిని పచ్చిగా పట్టడం వల్ల రోగం రావడమే తప్ప పోయేదేమీ లేదు.

ఆరు నెలలు నిండాక మొదలుపెట్టే తిండిలో పెద్ద తప్పు పలచదనం. బిడ్డ కడుపులో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్లు. ఏడున్నర కిలోల బిడ్డకు 225. ఆ చోటును గంజినీళ్ళలాంటి జావతో నింపేస్తే కడుపు నిండుతుంది, బరువు పెరగదు. "మావాడు గ్లాసుడు తాగుతాడండీ, అయినా పెరగట్లేదు" అనే ఇళ్ళలో జరిగేది ఇదే. బియ్యం రెండు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు విడివిడిగా దోరగా వేయించి రవ్వలా పట్టించండి. మూడు పెద్ద చెంచాల రవ్వను ఒక గ్లాసు నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, పది నిమిషాలు ఉడికించి, ఒక చిన్న చెంచా నెయ్యో నూనో వేయండి. చెంచా వంచితే జారి కారిపోకూడదు, నిదానంగా జరగాలి. అది కొలత. ఉప్పు, పంచదార ఏడాది దాకా అక్కర్లేదు. మీ నాలుకకు చప్పన, బిడ్డ నాలుకకు కాదు.

రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగానికి రావాలి, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో అదే సగం గిన్నె, మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె. తల్లిపాలు రెండేళ్ళ దాకా, ఇష్టముంటే ఆ తర్వాతా. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఇనుము చాలదు కాబట్టి గుడ్డు, కాలేయం, చేప ఆ వయసు నుంచే పెట్టవచ్చు. హార్బరు పక్కన ఉండి ఏడాది దాకా చేప పెట్టని ఇళ్ళున్నాయి, ముల్లు భయంతో. వంజరం ముక్క ఉడికించి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి పెట్టండి. ముల్లు వేలికి తగులుతుంది. ఎండు నెత్తళ్ళు మాత్రం వద్దు, అది ఉప్పు. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు, ఒక మిల్లీలీటరు. నల్లగా దొడ్డికి వెళ్ళాడని మానేస్తారు. అది మందు రంగే.

తినిపించడంలోనూ వంతులున్నాయి. చెంచా పెదవి దాకా తీసుకెళ్ళి ఆగండి. నోరు తెరిస్తే పెట్టండి. ముఖం తిప్పితే కాసేపు ఆగండి. రెండోసారీ తిప్పితే అయిపోయింది. ముక్కు మూసి, కాళ్ళ మధ్య ఇరికించి పోయడం ఇప్పటికీ ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపైన తిండంటేనే భయం పడుతుంది. ఫోను పెట్టి తినిపించడం అందుకు కొత్త రూపం. నోరు తెరిపిస్తుంది నిజమే, కానీ బిడ్డ తను తింటున్నానన్నదే గమనించదు, కడుపు నిండిందని తెలుసుకోవడమూ నేర్చుకోదు. చందమామను చూపించి గోరుముద్ద పెట్టిన తల్లి కూడా మాయ చేసిందే కదా అంటారు. ఆ మాయలో తల్లి ముఖం ఉంది, మాట ఉంది, బిడ్డ వేలు పైకెత్తి చూపించే వంతు ఉంది. కొత్త రుచి ఒకసారి ఉమ్మేస్తే కొన్ని రోజులు విడిచి విడిచి మళ్ళీ పెట్టండి. ఎనిమిది, పదిసార్లు అయ్యాక అలవాటు పడతారు. అరగంట దాటితే గిన్నె తీసేయండి.

పాత అలవాట్లన్నీ చెడ్డవని చెప్పడం నా ఉద్దేశం కాదు. నూనె మర్దనా మంచిదే, అందులో స్పర్శ ఉంది, మాట ఉంది. ఆ నూనె చెవిలో, ముక్కులో పోయడం చెడ్డది. వస రాస్తే మాట తొందరగా వస్తుందంటారు. వస అరగదీసి నాకిస్తే వాంతులు, మూర్ఛలు వచ్చిన పిల్లలున్నారు. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగే, వాసన బాగున్నంత మాత్రాన. ఆవాల దిండు తల గుండ్రంగా రావడానికి పెడతారు. తల దానంతటదే సర్దుకుంటుంది, వెల్లకిలా పడుకోబెట్టి, మేలుకున్నప్పుడు రోజుకు అరగంట బోర్లా ఆడించండి, చాలు.

ఇంతసేపూ "మీరు బదులివ్వండి" అంటున్నాను. బదులిచ్చే మనిషిలో ఓపిక ఉండాలి కదా. పురిటి తర్వాత మూడో రోజో నాలుగో రోజో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోవడం ఉంటే అది జబ్బు. "మేం కనలేదా, మేం పెంచలేదా" అనే మాట అక్కడ విషం. ఈ జబ్బును కనిపెట్టడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. అంగన్‌వాడీలో కూడా అడగవచ్చు. మనసు బాగోలేనివాళ్ళకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీమానస్, నంబరు 14416, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. బాలింతకు ఎవరూ వినని మాటలు వినిపిస్తున్నాయన్నా, బిడ్డకు ఏదో చేస్తానన్నా, ఫోన్లతో కాలయాపన చేయకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించడం, కారప్పొడి అన్నంతో సరిపెట్టడం ఆపండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, దాహమైనప్పుడల్లా నీళ్ళు. అన్నిటికంటే ముందు, విడవకుండా నాలుగు గంటల నిద్ర. అది ఆమె సంపాదించుకునేది కాదు, ఇంట్లో ఇంకొకరు ఇవ్వవలసింది. రాత్రి పదింటికి పాలిచ్చి పడుకుంటే రెండింటి దాకా బిడ్డను తండ్రి చూడాలి. మధ్యలో లేస్తే పిండి ఉంచిన పాలు పట్టవచ్చు. పిండిన పాలు గదిలో నాలుగు గంటలు, మన ఎండాకాలంలో అంతకంటే తక్కువ. ఫ్రిజ్‌లో వెనక అరలో నాలుగు రోజులు. తలుపు అరలో పెట్టకండి, తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది.

ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో తల్లికి మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది, 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలన్నది అంతకుముందు నుంచే ఉంది. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, అడగండి. ఇళ్ళలో పనిచేసే అమ్మలకు, భవనాల కూలీలకు ఇదేదీ చేతికందదు. ఆ తల్లులకు వీధిలో ఉన్న అంగన్‌వాడీయే దిక్కు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం ఇది, ఇప్పటికీ బాలామృతం పంచే చోటుగానే చూస్తున్నారు. అక్కడ ఆట జరగాలి.

తండ్రుల గురించి ఒక్క మాట. మన బోట్ల మీద వెళ్ళేవాళ్ళు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. తిరిగి వచ్చాక బిడ్డ చూసి ఏడిస్తే మనసు చివుక్కుమంటుంది. ఏడెనిమిది నెలల బిడ్డ కొత్త ముఖానికి ఏడవడం సహజం, అది తెలివి పెరిగిన గుర్తు. లాక్కుని ఎత్తుకోకండి. తల్లి పక్కన కూర్చోండి, ఏదైనా వస్తువు చేతిలో ఆడించండి, బిడ్డ చేయి చాచేదాకా ఆగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ స్నానమో, రాత్రి నిద్రబుచ్చడమో, ఏదో ఒక పని పూర్తిగా మీదే చేసుకోండి. ఆటలు ఎవరైనా ఆడతారు. రోజూ ఒకే వేళకు ఒకే చేతులు చేసే పనితోనే బిడ్డకు నమ్మకం కుదురుతుంది.

ఇక ప్రశ్నలు.

(ఒక మామ్మగారు: ఎత్తుకుంటే చేతి అలవాటవుతుంది, ఏడిస్తే ఏడవనీ అంటారు. నిజమేనా బాబూ?)

లేదు మామ్మగారూ. ఆరు నెలల లోపు బిడ్డకు మిమ్మల్ని ఆడించే తెలివి లేదు. ఏడుపు తప్ప ఇంకో మాట రాదు. పలికిన ఇంట్లో బిడ్డ ఏడాది దగ్గర పడేసరికి ఏడుపు తగ్గించి సైగలు నేర్చుకుంటుంది. అయితే ఒకటి. ఏడుపు రెండో నెల దగ్గర బాగా ఎక్కువవుతుంది, ఎంత చేసినా ఆగని సాయంత్రాలుంటాయి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆ సాయంత్రాల్లో మీకే చేయి లేచేంత కోపం వస్తే, బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళిపోండి. ఏడిస్తే ఏమీ కాదు. పట్టుకుని ఊపితే మెదడులో రక్తనాళాలు తెగుతాయి.

(ఒక తండ్రి: మూడేళ్ళవాడండి. చెప్పిన మాట వినడు. కొట్టకుండా ఎలా?)

ముందు మీరు రోజుకు ఎన్నిసార్లు "వద్దు" అంటున్నారో లెక్కపెట్టండి. అన్నింటికీ అంటే దేనికీ అననట్టే. నిప్పు, రోడ్డు, కరెంటు, ఎదుటి పిల్లను కొట్టడం: ఈ నాలిగింటికి దాచుకోండి. మిగతా చోట్ల రెండు దారులివ్వండి, "నీలం చొక్కానా, పచ్చదా" అని. "చొక్కా వేసుకుంటావా" అని అడిగితే "వేసుకోను" అనే అవకాశం మీరే ఇచ్చినట్టు. ఆట మధ్యలోంచి లాక్కురాకండి. "ఇంకో రెండుసార్లు జారి, ఇంటికి" అని ముందే చెప్పండి. కొడితే ఆగుతాడు, మీరున్నంతసేపు. ఇంకో అలవాటు ఉంది మనకు: "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా". ఆ తర్వాత జ్వరం వచ్చి నిజంగా తీసుకొస్తే, గొంతులోకి టార్చి వేసి చూడటానికి నలుగురు పట్టుకోవాలి. బూచాణ్ణీ, పోలీసునీ, డాక్టరునీ మీ ఇంటి పనికి పిలవకండి.

(ఒక అంగన్‌వాడీ టీచరు: మాటలు ఆలస్యమైతే "వాళ్ళ నాన్నకీ లేటే" అంటారు. ఎంతవరకు ఆగవచ్చు సార్?)

ఏడాదికి పేరు పిలిస్తే తిరిగి చూడాలి, కావలసింది వేలితో చూపించడం మొదలవ్వాలి. పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకు "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జోడింపు లేకపోయినా ఆగకూడదు. వచ్చిన మాటలు పోయినా, చూపు కలపడం తగ్గినా ఏ వయసులోనైనా అదే వారం చూపించాలి. ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ మాట్లాడటం వల్ల ఆలస్యం కాదు, ఒక భాష మాన్పించకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకునే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో పరీక్షలు ఉచితం. ముందు చేయించవలసింది వినికిడి పరీక్ష. వెనకనుంచి చప్పట్లు కొట్టి చూశాం, తిరిగాడు, వినిపిస్తోంది అంటారు. చప్పట్లు వినబడి మాట వినబడని పిల్లలుంటారు, అందుకే యంత్రంతోనే చేయించాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా తల్లిని "టీవీ పెట్టబట్టే ఇలా" అని ఎవరూ అనకుండా చూడటం కూడా మీ పనే టీచరుగారూ.